తాళంచెవి చేతికిచ్చే ముందు

మనిషి మంచివాడో కాదో పదిమందిని అడిగి ఇల్లు అద్దెకిస్తాం. కాగితం దగ్గరికొచ్చేసరికి ‘తర్వాత చూద్దాంలే’ అంటాం. వరదొచ్చినా, తగువొచ్చినా, కోర్టు మెట్లెక్కాల్సి వచ్చినా అప్పుడు నిలబడేది ఆ కాగితమే. అగ్రిమెంట్ నుంచి బీమా దాకా ఇంటి ఓనర్లు తెలుసుకోవాల్సిన సంగతులతో ఈ వారం ముఖచిత్ర కథనం.

2024 సెప్టెంబరు. బుడమేరు వరద నీళ్లు తగ్గాక విజయవాడ సింగ్‌నగర్‌లో మా పిన్ని వాళ్లింటికి వెళ్లాను. మేడ మీద పిన్నీ బాబాయీ ఉంటారు. కింది పోర్షన్ అద్దెకిచ్చారు. ఆ పోర్షన్ గోడల మీద నా భుజం ఎత్తున మట్టిగీత ఉంది. చెక్క తలుపులు ఉబ్బిపోయి మూతపడటం లేదు. స్విచ్‌బోర్డు విప్పితే బురద జారింది. సంపు నిండా మురుగు, మోటారు పనికిరాకుండా పోయింది. అద్దెకున్న అమ్మాయి మెట్ల మీద కూర్చుని పిల్లల పుస్తకాలను ఒక్కో పేజీ విడదీసి ఎండబెడుతోంది.

“ఆంటీ, కొన్నాళ్లు పిల్లల్ని తీసుకుని మా ఊరెళ్లిపోతాం. అడ్వాన్సు ఇప్పిస్తే కనీసం పొయ్యి, మంచం కొనుక్కుంటాం” అంది.

“ఇవ్వనంటానా తల్లీ! ముప్పై వేలేగా?”

“నలభై ఆంటీ. మొన్న అద్దె పెంచినప్పుడు ఇంకో పదివేలు ఇచ్చాం. అంకుల్ చేతికే ఇచ్చాం.”

బాబాయికి గుర్తులేదు. ఆ అమ్మాయి అబద్ధం చెబుతోందని పిన్ని అనుకోలేదు. పిన్ని ఎగ్గొడుతుందని ఆ అమ్మాయీ అనుకోలేదు. మూడేళ్లు కూరగిన్నెలు ఇచ్చిపుచ్చుకున్న ఇళ్లు అవి. అయినా ఆ పదివేలు ఇద్దరి మధ్యా ముల్లులా వచ్చి పడింది. ఆ నెల అద్దె ఇవ్వాలా వద్దా, మోటారు ఎవరు బాగుచేయించాలి, తలుపుల ఖర్చు ఎవరిది అన్న ప్రశ్నలు దాని వెనకే వచ్చాయి. జవాబు చెప్పే కాగితం ఒక్కటీ లేదు.

“పోనీలే, ఇంటికి ఇన్సూరెన్సు ఉందిగా. లోను ఇచ్చినప్పుడే బ్యాంకువాళ్లు చేశారు” అని పిన్ని బీరువాలోంచి ఫైలు తీసింది. నేను చదివాను. అది బాబాయి ప్రాణం మీద పాలసీ. ఆయనకేమన్నా అయితే మిగిలిన లోను తీరుతుంది. ఇంటి గోడకూ తలుపుకూ అందులో ఒక్క రూపాయి కూడా లేదు.

ఆ సాయంత్రం పిన్ని అన్న మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు. “మంచివాళ్లు దొరికారని కాగితం రాసుకోలేదమ్మా.” కాగితం అంటే అనుమానం అనుకుంటాం మనం. నిజానికి మంచివాళ్ల మధ్యే కాగితం ఎక్కువ అవసరం. మంచితనం చెడకుండా కాపాడేది అదే.

పదకొండు నెలల నమ్మకం

హైదరాబాద్, విజయవాడ, విశాఖ, ఎక్కడికెళ్లినా అద్దె అగ్రిమెంట్ అంటే ఒకటే పద్ధతి. వంద రూపాయల స్టాంపు పేపరు, పదకొండు నెలల గడువు, ఒక నోటరీ ముద్ర. పదకొండు నెలలే ఎందుకని అడిగితే ‘సంవత్సరం దాటితే రిజిస్ట్రేషన్ చేయించాలి కదండీ’ అంటారు.

ఆ మాట దేశంలో చాలాచోట్ల సరైనదే. ఏడాదికి మించిన లీజును రిజిస్టర్ చేయించాలని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం చెబుతుంది. కానీ మన సంగతి వేరు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1999లో ఆ నిబంధనను సవరించుకుంది. గడువు ఎంతన్నదానితో పనిలేకుండా ప్రతి స్థిరాస్తి లీజునూ తప్పనిసరి రిజిస్ట్రేషన్ జాబితాలో చేర్చింది. అంటే మన దగ్గర పదకొండు నెలల అగ్రిమెంట్‌కు కూడా ఆ మినహాయింపు లేదు. పాతికేళ్లు దాటినా ఈ సంగతి చాలామంది ఓనర్ల చెవిన పడలేదు.

రిజిస్టర్ చేయించకపోతే ఏమవుతుంది? రోజులు సాఫీగా గడిచినంతకాలం ఏమీ కాదు. తగువు కోర్టుకు వెళ్లినప్పుడు తెలుస్తుంది. రిజిస్టర్ కావాల్సిన పత్రం రిజిస్టర్ కాకపోతే అందులోని షరతులకు సాక్ష్యంగా దాన్ని కోర్టు తీసుకోదు. ఫలానా మనిషి ఫలానా ఇంట్లో అద్దెకు ఉన్నాడు అనే పక్క విషయానికి మాత్రం అది పనికొస్తుంది. గడువు ఎంత, ఏటా అద్దె ఎంత పెరగాలి, ముందే ఖాళీచేస్తే ఎంత కట్టాలి అన్నవి మీరు ఎంత వివరంగా రాసుకున్నా కోర్టులో బలం ఉండదు. అప్పుడు ఆ ఇంటిని నెలవారీ అద్దెకు ఇచ్చినట్టుగానే చూస్తారు. 

రెండు గదుల పోర్షన్‌కు ఇంత తతంగమా అనిపించవచ్చు. నెలకు ఎనిమిది వేలు వచ్చే పోర్షన్‌కూ, బ్యాంకుకో బట్టల షోరూమ్‌కో ఇచ్చే భవనానికీ మధ్య ఎక్కడ గీత గీసుకోవాలో మీ ఇష్టం. దుకాణాలు, ఆఫీసులు, హాస్టళ్లు, మూడేళ్ల ఐదేళ్ల లీజులు, పెద్ద అడ్వాన్సులు ఉన్నచోట మాత్రం సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లకుండా తాళంచెవి ఇవ్వకండి. చిన్న పోర్షన్‌ను రాతకోతలతోనే సరిపెట్టుకుంటే, ఆ కాగితం బలం ఎంతో తెలిసే సరిపెట్టుకోండి.

ఇంకో సంగతి. పదకొండు నెలలు అయిపోయాక కొత్త అగ్రిమెంట్ రాసుకోకుండా అద్దె తీసుకుంటూ పోతే, 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం ఆ అద్దె నెలనెలా కొనసాగుతున్నట్టే లెక్క. ‘గడువు అయిపోయింది, రేపే దిగిపోండి’ అనడం కుదరదు. గడువు తేదీకి నెల ముందు ఫోనులో అలారం పెట్టుకోండి. కొనసాగిస్తారో, ఖాళీ చేయమంటారో అప్పుడే తేల్చి రాతలో పెట్టండి.

అగ్రిమెంట్‌లో ఏం ఉండాలి

జిరాక్సు షాపులో దొరికే అచ్చు ఫారాల్లో పేర్లు, తేదీలు పూరిస్తే సరిపోదు. ఆ ఫారంలో మీ ఇల్లు ఉండదు. మీ ఇంటికి ఒక సంపు ఉంది, ఒక మోటారు ఉంది, మేడ మీద బట్టలారేసుకునే తీగ ఉంది, గేటు దగ్గర ఒక్క బండికే చోటుంది. రేపు మాటపట్టింపు వచ్చేది వీటి దగ్గరే.

అద్దె ఎంత, ఏ తేదీలోపు, ఏ ఖాతాలోకి. అడ్వాన్సు ఎంత, ఏ రోజు ఎలా అందింది, ఖాళీచేసిన ఎన్ని రోజులకు తిరిగిస్తారు. ఏటా అద్దె ఎంత శాతం పెరుగుతుంది. అపార్ట్‌మెంట్ మెయింటెనెన్సు ఎవరు కడతారు, సొసైటీ ఒక్కసారిగా పెద్ద మొత్తం అడిగితే అది ఎవరిది. లిఫ్టు మార్పించడం, భవనానికి రంగులేయించడం లాంటివి ఓనరు భరించడమే న్యాయం. వేసవిలో బోరు ఎండిపోతే ట్యాంకరు డబ్బు ఎవరిది. పార్కింగ్ ఎక్కడ. ఇంట్లో ఎంతమంది ఉంటారు, వేరేవాళ్లకు మళ్లీ అద్దెకివ్వొచ్చా లేదా. నివాసానికా, వ్యాపారానికా. ఖాళీచేయాలంటే ఎవరు ఎన్ని రోజుల ముందు చెప్పాలి. ఓనరు ఇల్లు చూడటానికి రావాలంటే ఎంత ముందు చెప్పి రావాలి.

ఆ చివరిది చిన్న విషయంలా కనిపిస్తుంది. చాలా ఇళ్లలో మనస్పర్థలు దాని దగ్గరే మొదలవుతాయి. ‘మా ఇల్లే కదా’ అని తలుపు తోసుకుని వెళ్లే ఓనర్లు ఉన్నారు. ఇల్లు మీదే. అందులో నడుస్తున్న సంసారం వాళ్లది. కేంద్ర మంత్రివర్గం 2021 జూన్‌లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం, ఓనరు లోపలికి రావాలంటే 24 గంటల ముందు తెలియజేయాలంటుంది. అది నమూనా మాత్రమే. రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటేనే కోర్టులో నిలుస్తుంది. అయినా ఆ మర్యాదను మన అగ్రిమెంట్‌లో రాసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఎవరికి ఇస్తున్నాం?

టు-లెట్ బోర్డు చూసి ఫోను చేస్తే కొందరు ఓనర్లు అడిగే మొదటి ప్రశ్న ‘మీరేమిట్లు?’ అనే. కొన్ని గేట్లకైతే బోర్డు మీదే కులం రాసి ఉంటుంది. ఈ కథనం రాసే మనిషిగా ఆ ప్రశ్న గురించి నాకు చెప్పాల్సింది ఒకటుంది. కులం పేరు విన్నందువల్ల అద్దె సమయానికి వస్తుందో లేదో తెలియదు. గోడకు మేకులు కొడతారో లేదో తెలియదు. తెలిసేదల్లా, ఒక కుటుంబం ఆ రోజు ఆ గేటు ముందు తలదించుకుని వెనక్కి వెళ్లిందని మాత్రమే.

మనల్ని కాపాడే ప్రశ్నలు వేరే ఉన్నాయి. ఎక్కడ పనిచేస్తున్నారు? ఇంతకుముందు ఏ ఇంట్లో ఉన్నారు, ఆ ఓనరుతో ఒకసారి మాట్లాడొచ్చా? గుర్తింపు కార్డు, పాన్ నకలు ఇవ్వగలరా? పాత ఓనరుతో రెండు నిమిషాలు మాట్లాడితే వచ్చే సమాచారం ఇంకెక్కడా రాదు. అద్దెకు వచ్చినవాళ్ల వివరాలు స్థానిక పోలీస్‌స్టేషన్‌లో ఇచ్చి, ఇచ్చినట్టు రుజువు దగ్గర పెట్టుకోండి. రేపు ఆ ఇంట్లో ఏదైనా జరిగి పోలీసులు మీ గుమ్మంలోకి వస్తే, మొదట అడిగేది అదే.

అడ్వాన్సు, గోడలు, కుళాయిలు

హైదరాబాద్‌లో నివాసాలకు రెండు మూడు నెలల అద్దె అడ్వాన్సుగా తీసుకోవడం వాడుక. బెంగళూరు వెళ్లిన మన పిల్లలు అంతకు ఎన్నోరెట్లు ఇచ్చిన రోజులున్నాయి. నమూనా చట్టం నివాసానికి రెండు నెలల అద్దె, వ్యాపార స్థలానికి ఆరు నెలల అద్దె మించొద్దంటుంది. ఎంత తీసుకున్నా, అది ఓనరు సొమ్ము కాదు. తిరిగివ్వాల్సిన అప్పు. వచ్చిన అడ్వాన్సును ఇంటి ఖర్చుల్లో కలిపేసి, ఖాళీ చేసేరోజు కొత్త అద్దెదారు అడ్వాన్సు కోసం ఎదురుచూసే ఓనర్ల వల్లే సగం తగువులు వస్తాయి. దాన్ని విడిగా డిపాజిట్ చేసి పెట్టండి.

అడ్వాన్సులోంచి ఎంత కోయాలన్నదే అసలు పేచీ. ఆస్తి బదిలీ చట్టం ఇక్కడ ఓ న్యాయమైన మాట చెబుతుంది. మామూలు వాడకంలో అరిగినదానికి అద్దెదారు బాధ్యుడు కాడు. మూడేళ్లకు గోడరంగు వెలిస్తే అది కాలం చేసిన పని. టీవీ బిగించడానికి టైల్స్ పగలగొడితే అది అద్దెదారు చేసిన పని. ఈ రెండింటికీ మధ్య తేడా రుజువు చేయాలంటే మొదటిరోజు ఇల్లు ఎలా ఉందో తెలియాలి. సామాను దిగకముందే గదిగదికీ, బాత్‌రూమ్ మూలమూలకూ ఫోనులో వీడియో తీసి, ఆ రోజే అద్దెదారుకు వాట్సాప్‌లో పంపండి. కరెంటు మీటరు రీడింగు కూడా అందులో పడాలి. పది నిమిషాల పని. మూడేళ్ల తర్వాత ఆ పది నిమిషాలే మాట్లాడతాయి.

మరమ్మతుల విషయంలో నమూనా చట్టం ఇచ్చిన పంపకం చాలా ఉపయోగపడుతుంది. కట్టడానికి సంబంధించినవి, గోడలకు సున్నం, తలుపులకు రంగు, పైపులు మార్చడం, వైరింగ్ ఓనరువి. కుళాయి వాషర్లు, స్విచ్చులు, గీజరు మరమ్మతు, పగిలిన కిటికీ అద్దాలు, మురుగు కాలువ శుభ్రం అద్దెదారువి. దీన్నే మీ అగ్రిమెంట్‌కు జతచేసుకోండి. స్లాబు కారుతోందని అద్దెదారు చెబితే ‘వర్షాకాలం పోనీ’ అనకండి. ఓనరు చేయించాల్సిన మరమ్మతును చెప్పిన తర్వాత కూడా సకాలంలో చేయించకపోతే, అద్దెదారు తానే చేయించి ఆ ఖర్చును అద్దెలో మినహాయించుకునే హక్కు 1882 చట్టంలోనే ఉంది.

అద్దె వచ్చిన దారి

చేతికి నగదు అందితే సంతోషమే. కానీ నగదుకు జ్ఞాపకం ఉండదు. బ్యాంకు ఖాతాకో యూపీఐకో వచ్చిన అద్దె తనకు తానే రసీదు. నగదు తీసుకుంటే రసీదు పుస్తకంలో రాసి సంతకం చేసి ఇవ్వండి, నకలు ఉంచుకోండి. బకాయి పడిన అద్దె కోసం దావా వేయడానికి మూడేళ్ల గడువే ఉంటుంది. ‘మనవాడేగా, ఎప్పుడో ఇస్తాడు’ అని నాలుగేళ్లు చూస్తే ఆ మొదటి ఏడాది అద్దె కోర్టు దృష్టిలో పోయినట్టే.

ఆదాయపు పన్ను లెక్క చాలామంది భయపడేంత కష్టమైనది కాదు. ఏడాది అద్దెలోంచి మీరు ఆ సంవత్సరం కట్టిన మున్సిపల్ ఇంటిపన్ను తీసేయాలి. మిగిలినదాంట్లో 30 శాతం మరమ్మతులు వగైరా కింద మినహాయింపు వస్తుంది. ఒక్క రూపాయి ఖర్చు చేయకపోయినా ఆ 30 శాతం వస్తుంది. అంతకుమించి ఖర్చయినా అదనంగా రాదు. ఇంటిలోను ఉంటే వడ్డీకి వేరే మినహాయింపు ఉంది. ఉద్యోగి అయిన అద్దెదారు ఏడాదికి లక్షకు మించి అద్దె చూపించి హెచ్‌ఆర్‌ఏ (ఇంటద్దె భత్యం) మినహాయింపు కోరితే ఓనరు పాన్ నంబరు అడుగుతాడు. అది ఇవ్వనని మొండికేయడం, రిటర్నులో అద్దె చూపకపోవడం రెండూ ప్రమాదమే. 

నెల అద్దె 50 వేలు దాటితే అద్దెదారు మామూలు వ్యక్తి అయినా అద్దెలోంచి ముందే పన్ను (టీడీఎస్) కోయాలి. 2024 అక్టోబరు నుంచి అది 2 శాతం.

విదేశాల్లో ఉన్న తెలుగువాళ్లు ఇక్కడ ప్రత్యేకంగా జాగ్రత్తపడాలి. డాలస్‌లోనో సిడ్నీలోనో ఉంటూ కొండాపూర్‌లో ఫ్లాటు అద్దెకిచ్చిన ఎన్నారైల విషయంలో ఆ 50 వేల పరిమితి లేదు. ఓనరు ఎన్నారై అయితే అద్దె ఎంత తక్కువైనా అద్దెదారు టీడీఎస్ కోయాలి. సెస్సుతో కలిపి అది 31.2 శాతం. రిటర్ను వేస్తే ఎక్కువ కోసింది తిరిగి వస్తుంది. ఈ సంగతి చెప్పకుండా అద్దెదారును చేర్చుకుంటే రేపు నోటీసు అతనికి వస్తుంది. అద్దె ఎన్‌ఆర్‌ఓ ఖాతాలోకి రావాలి. ఇక్కడ బావగారో తమ్ముడో సంతకాలు పెట్టాలంటే నోటిమాట చాలదు, పవర్ ఆఫ్ అటార్నీ కావాలి. విదేశంలో రాసిన ఆ పత్రానికి ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు వేయించాలి.

లోనుకు బీమా వేరు, ఇంటికి బీమా వేరు

మా పిన్ని పడిన పొరపాటు లక్షల ఇళ్ల బీరువాల్లో పడి ఉంటుందని నా భయం. ఈ పేజీ చదవడం ఆపి ఒకసారి ఫైలు తీసి చూడండి. పాలసీ మీద బీమా చేసింది దేనికి? మనిషి ప్రాణానికా, కట్టడానికా? 

కట్టడానికి బీమా కావాలంటే ఇప్పుడు దారి సులువైంది. 2021 ఏప్రిల్ నుంచి బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ‘భారత్ గృహ రక్ష’ పేరుతో ఒకే నమూనా పాలసీని తెచ్చింది. సాధారణ బీమా కంపెనీలన్నింటి దగ్గరా షరతులు ఒక్కటే. అగ్నిప్రమాదం, పిడుగు, భూకంపం, తుపాను, వరద, కొండచరియలు, అల్లర్లు, వాటర్ ట్యాంకు పగిలి పొంగడం లాంటివన్నీ అందులో ఉన్నాయి. 2014లో హుద్‌హుద్ విశాఖ కిటికీలను ఊడబెరికింది. 2020 అక్టోబరు వానలకు హైదరాబాద్ కాలనీల్లోకి చెరువులొచ్చాయి. 2024లో బుడమేరు పొంగింది. మన నగరాల్లో వరద అనేది ఎవరికో జరిగేది కాదని ఈ పదేళ్లలో చూశాం.

ఓనర్లకు ఈ పాలసీలో నాలుగు సంగతులు ముఖ్యం. 

ఒకటి, బీమా మొత్తం. ఇంటి మార్కెట్ ధర లెక్కకు రాదు. భూమికి బీమా అక్కర్లేదు. వరద భూమిని ఎత్తుకుపోదు. కార్పెట్ ఏరియాను ఇవాళ్టి కట్టుబడి ఖర్చుతో హెచ్చించాలి. వెయ్యి చదరపు అడుగుల ఇంటిని మళ్లీ కట్టడానికి అడుగుకు రెండువేలు అవుతుందనుకుంటే బీమా 20 లక్షలకు. ఆ ఇల్లు స్థలంతో కలిపి కోటి పలికినా సరే. కోటికి బీమా చేస్తే ప్రీమియం దండగ. ఒకటికంటే ఎక్కువ ఏళ్లకు తీసుకుంటే ఏటా 10 శాతం చొప్పున బీమా మొత్తం దానంతటదే పెరుగుతుంది. 

రెండు, అద్దె నష్టం. బీమా ఉన్న ప్రమాదం వల్ల ఇల్లు నివాసానికి పనికిరాకుండాపోతే, బాగుచేయడానికి పట్టే సహేతుకమైన కాలానికి కోల్పోయిన అద్దె కూడా ఇస్తారు. అద్దెతోనే ఈఎంఐ కట్టుకునే కుటుంబాలకు ఇది ప్రాణం. కానీ అద్దె ఎంతో రుజువు కావాలి. అగ్రిమెంట్, బ్యాంకు లెక్కలు లేనివాళ్లు ఇక్కడ చిక్కుకుంటారు.

మూడు, సామాను. కట్టడానికి బీమా తీసుకుంటే ఇంట్లోని మీ సామానుకు బీమా మొత్తంలో 20 శాతం దాకా, గరిష్ఠంగా 10 లక్షల దాకా రక్షణ కలిసివస్తుంది. ‘మీ సామాను’ అంటే ఓనరు సామాను. అద్దెవాళ్ల ఫ్రిజ్జు, మంచం, పిల్లల పుస్తకాలు మీ పాలసీలో లేవు. సొంతిల్లు లేకపోయినా సామానుకు మాత్రమే వాళ్లు విడిగా పాలసీ తీసుకోవచ్చు. తాళంచెవి ఇచ్చేరోజు ఆ ఒక్కమాట చెవిన వేయండి. సింగ్‌నగర్ మెట్ల మీద పేజీలు విడదీస్తున్న ఆ అమ్మాయికి ముందుగా ఎవరూ చెప్పని మాట అది.

నాలుగు, ఇందులో లేనివి. పాతబడి గోడలు చెమ్మపట్టడం, ఏళ్లతరబడి స్లాబు కారడం బీమా కిందికి రావు. వరదకో మంటకో ఇల్లు దెబ్బతిన్నాక ఏడు రోజుల్లోపు జరిగిన దొంగతనానికి పరిహారం ఉంది కానీ, మామూలు రోజున జరిగే దొంగతనానికి విడిగా బీమా తీసుకోవాలి. ఇల్లు అద్దెకిచ్చామన్న సంగతి, వాడకం మారిన సంగతి కంపెనీకి రాతపూర్వకంగా చెప్పండి. దాచిన నిజం క్లెయిమ్ రోజునే బయటపడుతుంది.

ప్రమాదం జరిగితే పాడైన వస్తువులను కడిగి పారేయాలన్న తొందర సహజం. బీమా కంపెనీ సర్వేయరు చూసేదాకా ఆగండి, తప్పనిసరైతే ఫొటోలు తీశాకే కదపండి. వెంటనే కంపెనీకి తెలియజేయండి. క్లెయిమ్‌ను అన్యాయంగా తిరస్కరించారనిపిస్తే ముందు కంపెనీలోనే ఫిర్యాదు చేసి, అక్కడ న్యాయం జరగకపోతే హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కు రాయొచ్చు. 50 లక్షల దాకా పరిహారం ఇప్పించే అధికారం వాళ్లకుంది. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు.

ఇంట్లో దుకాణం, సెల్లార్‌లో గోదాము

2022 మార్చిలో సికింద్రాబాద్ బోయిగూడలో తుక్కు గోదాముకు నిప్పంటుకుని, పైన నిద్రపోతున్న 11 మంది వలస కూలీలు చనిపోయారు. 2023 నవంబరులో నాంపల్లి బజార్‌ఘాట్‌లో నివాసాలున్న భవనం కింద నిల్వ ఉంచిన రసాయనాల డ్రమ్ములు అంటుకుని కనీసం తొమ్మిది మంది పోయారు. కింద ఏం పెట్టారో పైన నిద్రపోయేవాళ్లకు తెలియదు. ఓనరుకు తెలిసి ఉండాలి. నివాసానికని తీసుకున్న ఇంట్లో, సెల్లార్‌లో ఏం నిల్వ ఉందో ముందే చెప్పి వెళ్లి ఆర్నెల్లకోసారి కళ్లారా చూడండి. నాలుగు వేలు ఎక్కువ అద్దె వస్తుందని గ్యాసు సిలిండర్లకూ, రంగులకూ, రసాయనాలకూ చోటివ్వకండి.

ప్రాణాల మాట అలా ఉంచినా, గృహావసరాల మీటరుతో బ్యూటీపార్లరో కర్రీపాయింటో నడిస్తే కరెంటు శాఖ 2003 విద్యుత్ చట్టం కింద రెట్టింపు టారిఫ్ వేస్తుంది. సర్వీసు మీ పేరున ఉంటుంది కాబట్టి బిల్లు మీ గుమ్మానికే వస్తుంది. ఇంటిపన్ను మారుతుంది. నివాసం పేరుతో తీసుకున్న బీమా ఎందుకూ కొరగాకుండా పోవచ్చు. వ్యాపారానికి ఇవ్వాలనుకుంటే ఇవ్వండి, అన్నీ ఆ కేటగిరీలోకి మార్చుకునే ఇవ్వండి.

ఖాళీ చేయించాలంటే

కోపం వచ్చినప్పుడు ఓనరు చేతికి మొదట తగిలేది ఫ్యూజు, తర్వాత నీళ్ల వాల్వు, ఆ తర్వాత తాళం. ఆ మూడింటినీ ముట్టుకోకండి. అద్దె ఆర్నెల్లుగా రాకపోయినా సరే. చట్టప్రకారం కాకుండా బయటికి గెంటేసిన మనిషి ఆరు నెలల్లోపు దావా వేస్తే కోర్టు తిరిగి లోపల కూర్చోబెడుతుంది. అప్పుడు ఇల్లు ఎవరిదన్న ప్రశ్న కూడా అడగదు. కరెంటు మౌలిక సదుపాయమని, ఓనరు అభ్యంతరం లేదనే పత్రం (ఎన్‌ఓసీ) ఇవ్వలేదన్న సాకుతో అద్దెదారుకు దాన్ని నిరాకరించరాదని సుప్రీంకోర్టు 2022లో చెప్పింది. న్యాయం మీ వైపు ఉన్న కేసును ఒక్క ఫ్యూజుతో పోగొట్టుకోవచ్చు.

సరైన దారి నోటీసుతో మొదలవుతుంది. అగ్రిమెంట్‌లో వేరే గడువు లేకపోతే నెలవారీ అద్దెకు 15 రోజుల నోటీసు ఇవ్వాలి. రిజిస్ట్రేషన్‌తో స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి. అద్దె కావాలని ఎగ్గొట్టడం, అనుమతి లేకుండా మరొకరికి అద్దెకివ్వడం, ఇంటిని పాడుచేయడం, ఓనరుకే ఇల్లు అవసరం కావడం లాంటి కారణాలు తెలంగాణలో వర్తించే 1960 నాటి అద్దె నియంత్రణ చట్టంలో ఉన్నాయి. అయితే 2005 సవరణతో కార్పొరేషన్ల పరిధిలో నెలకు 3,500 రూపాయలకు మించిన అద్దె ఇళ్లు ఆ చట్టం పరిధిలోంచి బయటికొచ్చాయి. అంటే ఇవాళ హైదరాబాద్ ఇళ్లలో చాలావాటి తగువు సివిల్ కోర్టుదే. మీ ఊరికి, మీ అద్దెకు ఏ చట్టం వర్తిస్తుందో వకీలును అడిగాకే నోటీసు పంపండి. తప్పు కోర్టులో వేసిన కేసు ఏళ్లు తినేస్తుంది.

పన్నెండేళ్లుంటే ఇల్లు అద్దెదారుదైపోతుందన్న భయం మాత్రం వదిలేయండి. అద్దెదారు మీ అనుమతితో లోపలికొచ్చాడు. అద్దెదారుగా ఉంటూ మీ హక్కును కాదనే వీలు చట్టం అతనికివ్వదు. అతను అద్దెదారే అని చూపే అగ్రిమెంటూ రసీదులూ మీ దగ్గర ఉండాలి, అంతే. 

తాళంచెవి ఇచ్చే రోజు

• సంతకాలైన అగ్రిమెంట్ చెరో కాపీ, వీలైతే రిజిస్టర్ అయినది
• అడ్వాన్సు అందిన తేదీ, మొత్తం, దారి రాసిన రసీదు. తర్వాత పెంచితే ఇంకో రసీదు
• గదిగదికీ తీసిన వీడియో, కరెంటు మీటరు రీడింగు
• ఫ్యాన్లు, లైట్లు, గీజరు, తాళంచెవుల లెక్క మీద ఇద్దరి సంతకాలు
• గుర్తింపు కార్డు, పాన్ నకళ్లు, పోలీస్‌స్టేషన్‌లో ఇచ్చిన వివరాల రుజువు
• కరెంటు, నీటి బిల్లులు అప్పటిదాకా కట్టినట్టు కాగితం
• ఇంటికి బీమా పాలసీ, గడువు తేదీ. సామాను బీమా గురించి అద్దెదారుకు ఒక మాట
• ప్లంబరు, ఎలక్ట్రీషియన్, లిఫ్టు మెకానిక్ నంబర్లు

పిన్ని ఆ రోజు నలభై వేలూ ఇచ్చేసింది. నీళ్లలో ఉన్న నెల అద్దె అడగలేదు. “పదివేలు ఎక్కువిచ్చానో, సరిగ్గానే ఇచ్చానో నాకిప్పటికీ తెలీదు. ఆ అమ్మాయి కూడా నాలాగే అనుకుంటూ ఉంటుంది కదా, అదే బాధ” అంటుంది. తలుపులకూ వైరింగుకూ పెట్టిన ఖర్చు కోసం గాజులు బ్యాంకులో పెట్టింది.

నిరుడు శ్రావణమాసంలో కింది పోర్షన్‌కు కొత్తవాళ్లు వచ్చారు. కొత్త జంట, చంటిబిడ్డ. నేనూ ఆ పొద్దున అక్కడే ఉన్నాను. పిన్ని ముందుగా గదులన్నీ తిరిగి వీడియో తీయించింది. అగ్రిమెంట్ కాపీ వాళ్ల చేతికిచ్చింది. ఇంటి బీమా పాలసీ చూపించి, మీ సామానుకు మీరూ చేయించుకోండమ్మా, ఇది బుడమేరు ఊరు అని చెప్పింది. చివరికి కళ్లజోడు పెట్టుకుని రసీదు పుస్తకం తీసింది. అడ్వాన్సు ముప్పై వేలు అని అంకెల్లో ఒకసారి, అక్షరాల్లో ఒకసారి రాసి, బాబాయి చేత కూడా సంతకం పెట్టించింది.

అప్పుడు తాళంచెవి ఆ అమ్మాయి చేతిలో పెట్టి అంది: “వెళ్లమ్మా, పాలు పొంగించుకో.”